మూడు వేల రూపాయల్లో బొగ్గు బండి: ముందు సంవత్సరం తేల్చుకోండి

పోయిన డిసెంబర్‌లో సెమిస్టర్ పరీక్షలు అయిపోయిన సాయంత్రం, అట్టతో చేసిన ఒక ఇంజన్, ఎనిమిది బొగ్గు వ్యాగన్లు షామీర్‌పేటలో మా ఇంటి దివాన్ మీద వరసగా పెట్టి తాతను పిలిచాను. తాత అంటే అమ్మ వాళ్ళ నాన్న. 1978లో రైల్వేలో చేరి, రామగుండం, కాజీపేట యార్డుల్లో వ్యాగన్లు తనిఖీ చేసే టీఎక్స్ఆర్ స్టాఫ్‌లో ఫిట్టర్‌గా పని చేసి రిటైర్ అయ్యాడు. గ్లకోమా వల్ల ఇప్పుడు ఆయనకు వెలుతురు, నీడ తప్ప ఏమీ కనిపించవు. ఏదైనా చూడాలంటే వేళ్ళతోనే.

వేళ్ళు ఇంజన్ ముక్కు దగ్గర మొదలుపెట్టి, చివరి దాకా వచ్చి, మొదటి వ్యాగన్ మీదికి పాకాయి. మళ్ళీ వెనక్కి ఇంజన్ దగ్గరికి పోయాయి.

"ఇదేం ఇంజన్ బిడ్డా?"

"డబ్ల్యూడీఎం 2, తాతా."

"ఏ సంవత్సరం బండి ఇది?"

"నువ్వు నౌకరీల చేరిన సంవత్సరం. 1978."

"మరి ఈ డబ్బాలు?"

"బాక్స్‌ఎన్."

తాత నవ్వుతాడనుకున్నా, నవ్వలేదు. చెయ్యి తీసేసి, "ఈ బండి లేవదు బిడ్డా," అన్నాడు.

అప్పటికి రెండు నెలలు అయింది నేను ఆ బండి మొదలుపెట్టి. మూడు వేల బడ్జెట్‌లో మిగిలింది మూడు వందల యాభై. సంక్రాంతికి తాతకు ఇవ్వాలని ప్లాన్. కింది చెక్క మీద 1978 అని అట్టతో ఉబ్బెత్తు అంకెలు కూడా అంటించాను, వేళ్ళకు తెలియాలని. ఇక మీకు చెప్పబోయేది ఆ బండి ఎందుకు లేవదు, తక్కువ డబ్బుతో లేచే బండి ఎలా చేసుకోవాలి అనే సంగతి. మన క్లబ్‌లో కథలు, కవితలు రాసేవాళ్ళే ఎక్కువ, ఇది రెండూ కాదు. అయినా చదవండి.

కాలం అంటే రంగు కాదు, బ్రేకు

మోడల్ రైళ్ళు చేసేవాళ్ళు "ఎరా" అనే మాట తెగ వాడతారు. అంటే బండిలోని ప్రతి వస్తువూ ఒకే కాలంలో, ఒకే చోట కలిసి ఉండగలగాలి. నేను దీన్ని రంగుల గొడవ అనుకున్నా. పాత బండికి పాత రంగు, కొత్త బండికి కొత్త రంగు, అంతే కదా అని. తాత చెప్పాక అర్థమైంది, అసలు గొడవ గొట్టాల్లో ఉంది.

పాత గూడ్సు బండ్లకు ఉండేది వాక్యూమ్ బ్రేక్. ఇంజన్ బండి పొడవునా ఉన్న గొట్టంలోంచి గాలిని పీల్చేస్తుంది. గొట్టం ఖాళీగా ఉన్నంతసేపు బ్రేకులు వదిలి ఉంటాయి. లోపలికి గాలి పోతే బ్రేకులు పడతాయి. గొట్టం తెగినా గాలి పోతుంది కాబట్టి బండి దానంతటదే ఆగుతుంది. ఎయిర్ బ్రేక్ దీనికి తలకిందులు. ఇంజన్‌లోని కంప్రెసర్ గొట్టంలోకి గాలి నింపుతుంది. గాలి నిండి ఉన్నంతసేపు బ్రేకులు వదిలి ఉంటాయి, తగ్గితే పడతాయి. ఒకటి పీల్చే బండి, ఇంకోటి ఊదే బండి. రెండూ ఒక గొట్టానికి కలపలేం. పీల్చడం మాత్రమే వచ్చిన ఇంజన్‌కు ఎయిర్ బ్రేక్ వ్యాగన్లు తగిలిస్తే వాటి బ్రేకులు వదలవు. మా భాషలో చెప్పాలంటే టైప్ ఎర్రర్. కంపైల్ కూడా కాదు.

నేను చేసింది సరిగ్గా అదే. ఇంజన్ ముందు వాక్యూమ్ గొట్టం పెట్టాను, లావుగా, గీతలు గీతలుగా ఉండేది. ఒక పాత ఫోటో చూసి పెట్టాను, అందంగా ఉందని. వ్యాగన్లకు మాత్రం సన్నని ఎయిర్ గొట్టాలు, అవి వేరే ఫోటోలోవి. రెండు ఫోటోల మధ్య ఎన్నేళ్ళు గడిచాయో చూడలేదు.

డబ్ల్యూడీఎం 2 మన దేశానికి 1962లో అమెరికా ఆల్కో కంపెనీ నుంచి వచ్చింది. 1964 నుంచి వారణాసిలో తయారైంది. కాబట్టి 1978కి ఇంజన్ సరిపోయింది. తేడా కొట్టింది వ్యాగన్. బాక్స్‌ఎన్ అనేది లక్నోలోని ఆర్‌డీఎస్ఓ డిజైన్, 1980ల మొదట్లో వచ్చింది. తాత చేరినప్పుడు అది పుట్టనే లేదు. అప్పుడు బొగ్గు మోసింది బాక్స్ వ్యాగన్, వాక్యూమ్ బ్రేక్‌ది, ఇంకా పొడవైనది. దానికి ముందు నాలుగు చక్రాల చిన్న డబ్బాలు.

ఈ రెండింటి మధ్య తేడా ఎందుకొచ్చిందో లెక్క వేస్తే భలే ఉంటుంది. పాత బాక్స్ పొడవు సుమారు 13.7 మీటర్లు, మోసేది 55 టన్నులు. బాక్స్‌ఎన్ పొడవు 10.713 మీటర్లు, మోసేది 58.81 టన్నులు. పొట్టిగా ఉండి ఎక్కువ మోస్తుంది. స్టేషన్‌లో గూడ్సు బండి పక్కకు ఆగే లూప్ లైను మామూలుగా 686 మీటర్లు ఉంటుంది. బండి అందులో పట్టాలి. 58 బాక్స్‌ఎన్‌లు అంటే 621 మీటర్లు, ఇంజన్లకు కూడా చోటు మిగులుతుంది, బొగ్గు 3,411 టన్నులు. అదే పొడవులో బాక్స్‌లు 45 పడతాయి, బొగ్గు 2,475 టన్నులు. లైను పొడిగించకుండా, స్టేషన్ మార్చకుండా, బండికి దాదాపు వెయ్యి టన్నులు లాభం. అయితే అంత బరువును ఆపాలంటే వాక్యూమ్ చాలదు. వాక్యూమ్ ఎంత పీల్చినా వాతావరణ పీడనం కంటే ఎక్కువ బలం రాదు. వాడేది 53 సెంటీమీటర్ల పాదరసం, అంటే చదరపు సెంటీమీటరుకు ముప్పావు కిలో కూడా కాదు. ఎయిర్ బ్రేక్ గొట్టంలో 5 కిలోలు. అందుకే కొత్త వ్యాగన్, కొత్త బ్రేకు జంటగా వచ్చాయి.

3,411 టన్నులంటే ఎంతో నాకు మొదట తెలియలేదు. 210 మెగావాట్ల థర్మల్ యూనిట్ ఒక రోజంతా ఫుల్‌గా నడిస్తే సుమారు 50 లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. యూనిట్‌కు ముప్పావు కిలోకు కాస్త తక్కువ బొగ్గు వేసుకోండి. ఒక బండి, ఒక యూనిట్, ఒక రోజు. అంతే. రేపటికి ఇంకో బండి రావాలి.

మేడ్చల్ బోర్డు ఎందుకు తీసేశాను

ఇంకో తప్పు కూడా చేశాను, అది ఖర్చు లేని తప్పు. బండి వెనక ఒక స్టేషన్ బోర్డు పెట్టి దాని మీద మేడ్చల్ అని రాశాను. రోజూ కాలేజీకి పోతూ చూసే స్టేషన్ కదా. గౌడవల్లి దగ్గర గేటు పడితే ఎన్నోసార్లు బండి దిగి వ్యాగన్లు లెక్కపెట్టాను కూడా. షామీర్‌పేటకు రైలు లేదు, పెద్ద చెరువు, రాజీవ్ రహదారి ఉన్నాయి. అందుకే రైలంటే నాకు మేడ్చలే.

"మేడ్చల్‌ల అప్పుడు చిన్న లైను," అన్నాడు తాత. చిన్న లైనంటే మీటర్ గేజ్, పట్టాల మధ్య 1000 మిల్లీమీటర్లు. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ పోయే ఆ లైను నిజాం కాలంలో 1900 ప్రాంతంలో పడింది. మేడ్చల్, కామారెడ్డి, నిజామాబాద్ అన్నీ దాని మీదవే. పెద్ద లైను, అంటే 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్, ఇటువైపు వచ్చింది చాలా ఏళ్ళ తర్వాత. మనం ఎక్కే ఎంఎంటీఎస్ మేడ్చల్‌కు వచ్చింది 2023లో. 1978లో గానీ 1985లో గానీ బాక్స్‌ఎన్ మేడ్చల్ స్టేషన్‌లో నిలబడాలంటే పట్టాల మీద కాదు, లారీ మీద రావాలి.

కాబట్టి మీరు ఏ బండి చేసినా ఒక కాగితం మీద మూడు మాటలు రాసుకోండి: ఏ సంవత్సరం, ఏ చోటు, ఎక్కడి నుంచి ఎక్కడికి. ప్రతి వస్తువునూ దాంతో పోల్చి చూడండి. ఉదాహరణకు వ్యాగన్ మీద దక్షిణ మధ్య రైల్వే అక్షరాలు వేస్తే, బండి 1966 అక్టోబర్ తర్వాతది అయి ఉండాలి, ఆ జోన్ పుట్టిందే అప్పుడు. పైన కరెంటు తీగలు పెడితే, రామగుండం, కాజీపేటల మధ్య అవి 1980ల చివరికి వచ్చాయి, అంతకుముందు బండి అయితే తీయాల్సిందే. వెండి రంగులో మెరిసే స్టెయిన్‌లెస్ స్టీల్ వ్యాగన్లు పెడితే అవి 2000 దాటాక వచ్చినవి. నేను మొదట కొనబోయిన స్ప్రే డబ్బా వెండి రంగే. షాపులో లేదు కాబట్టి బతికిపోయాను, ఇటుక ఎరుపు తెచ్చుకున్నా.

స్కేలు మనమే ఎంచుకుందాం

ఇప్పుడు డబ్బుల సంగతి. ఈ హాబీలో ఎక్కువమంది వాడే స్కేలు హెచ్ఓ, అంటే 87లో ఒక వంతు. దాని పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. బయటి దేశం నుంచి వచ్చే ఒక్క వ్యాగన్ ధరలో నా బండి మొత్తం అయిపోతుంది, కాబట్టి కొనడం అనే ఆలోచన మొదటి రోజే వదిలేశాను. పుణెలో జోషి గారి మినియేచర్ రైల్వే మ్యూజియం వీడియోలు చూసి నిట్టూర్చడం ఉచితం, అది చేశాను.

అన్నీ మనమే చేసుకునేటప్పుడు హెచ్ఓకి కట్టుబడాల్సిన పని లేదు అని లెక్కలు వేస్తుంటే తట్టింది. మన బ్రాడ్ గేజ్ 1676. దాన్ని 87తో భాగిస్తే 19.3 మిల్లీమీటర్లు. కానీ దొరికే పట్టా 16.5. దాదాపు మూడు మిల్లీమీటర్లు ఇరుకు. మన వ్యాగన్లను హెచ్ఓ పట్టాల మీద పెడితే లావుపాటి మనిషి పిల్లల సైకిల్ ఎక్కినట్టు ఉంటుంది. అదే 100తో భాగిస్తే 16.76. పావు మిల్లీమీటరే తేడా! పట్టాలు హెచ్ఓవే కొనొచ్చు, బండి మాత్రం వందో వంతు. పైగా క్యాలిక్యులేటర్ అక్కర్లేదు, మిల్లీమీటర్లలో రెండు సున్నాలు కొట్టేయడమే. బాక్స్‌ఎన్ పొడవు 107, వెడల్పు 32, రెండు బోగీల కేంద్రాల మధ్య 65, బోగీలో చక్రం నుంచి చక్రానికి 20, చక్రం వ్యాసం 10. ఇంజన్ 171.

ఇందులో నష్టం ఒకటుంది, ముందే చెప్తున్నా. రేపు ఎవరైనా హెచ్ఓ బొమ్మలు, ఇళ్ళు తెచ్చి పక్కన పెడితే మన బండి పొట్టిగా కనిపిస్తుంది. నాకు పక్కన పెట్టే బొమ్మలు లేవు.

డబ్బా ఒక మిల్లీమీటర్ అట్టతో. అడుగు 98కి 30, పక్కలు 98కి 19 న్నర. పక్కలకు నిలువుగా ఉండే దిమ్మెలు, తలుపులు ఫోటో చూసి లెక్కపెట్టుకుని సన్నని అట్ట పట్టీలతో అంటించండి. కంటికి చూపించే బండి అయితే వీటిని ప్రింట్ తీసి అంటిస్తే సరిపోతుంది. నాది వేళ్ళకు చూపించే బండి, కాబట్టి ప్రతిదీ ఉబ్బెత్తుగా ఉండాలి. తుప్పు మరకలు, దుమ్ము వేయడానికి జనం వారాలు గడుపుతారు, నేను ఒక్క పూట కూడా పెట్టలేదు. ఆ టైమంతా గొట్టాలకు, కప్లింగులకు పోయింది. అట్ట వేళ్ళకు నలగకుండా వార్నిష్ రెండు కోట్లు. చెమట తగిలితే అట్ట అంచులు ఉబ్బుతాయి, అది మొదటి వ్యాగన్ మీద నేర్చుకున్నా.

బోగీలు, చక్రాలు కాలేజీ ల్యాబ్‌లో త్రీడీ ప్రింట్. ఫిలమెంట్ మనమే కొనుక్కుంటే మెషీన్ వాడుకోనిచ్చారు. ఇరుసుకు సైకిల్ పుల్ల, అది సరిగ్గా 2 మిల్లీమీటర్లు ఉంటుంది, సైకిల్ షాపులో ఊరికే ఇచ్చాడు. చక్రాలు దిగ్గొట్టేటప్పుడు ఒక్క కొలత మాత్రం తప్పకూడదు: రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య 14.4 మిల్లీమీటర్లు. నేను మొదట 15 పెట్టాను. బండి పట్టా మీద కూర్చుంది, నడిచింది, పట్టాల జాయింట్ దగ్గర ప్రతిసారీ పడిపోయింది. పన్నెండు ఇరుసులు మళ్ళీ విప్పాను.

బొగ్గు అంటే ఏ బొగ్గు?

ఈ భాగం నాకు అన్నిటికంటే ఇష్టం.

వందో వంతు స్కేలులో పొడవు వందో వంతు అయితే, ఘనపరిమాణం పది లక్షల వంతు. బరువు కూడా అంతే. టన్ను అంటే పది లక్షల గ్రాములు. అంటే అసలు వ్యాగన్ ఎన్ని టన్నులో నమూనా అన్ని గ్రాములు ఉండాలి! ఖాళీ బాక్స్‌ఎన్ 22.47 టన్నులు, నిండుది 81.28 టన్నులు. మన వ్యాగన్ ఖాళీగా 22 గ్రాములు, నిండితే 81 గ్రాములు. అట్ట డబ్బా, బోగీలు కలిపి తూకం వేస్తే 24 వచ్చింది. రాత్రి పన్నెండింటికి మా రూమ్మేట్‌ను లేపి మరీ చూపించాను.

మరి లోపల పోసేది? అసలు వ్యాగన్‌లో పట్టేది 56 ఘనపు మీటర్లు, మన దాంట్లో 56 ఘనపు సెంటీమీటర్లు. నిజమైన బొగ్గు పొడి పోస్తే, ఏ సీసం ముక్కలూ పెట్టకుండానే బరువు దానంతటదే సరిపోవాలి.

మా వీధిలో ఇస్త్రీ బండి అంకుల్‌ను అడిగితే కవర్ నిండా బొగ్గులు ఇచ్చాడు. దంచి పోశాను. 43 గ్రాములు. ఇంకా కుక్కాను, 45. లెక్క తప్పిందేమో అని అరగంట కూర్చున్నా. తప్పింది లెక్క కాదు, తెలుగు. మనకు బొగ్గు అనే మాట ఒకటే, వస్తువులు రెండు. ఇస్త్రీ పెట్టెలో వేసేది కట్టెబొగ్గు, లోపలంతా చిల్లులు, తేలిక. గనిలో దొరికేది నేలబొగ్గు. పాత నిఘంటువులు దాన్ని రాక్షసి బొగ్గు అన్నాయి. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ ఎంత బాగుందో చూడండి. ఇంగ్లీష్‌లో రెండింటికీ వేరు వేరు మాటలు ఉన్నాయి కాబట్టి, ఇంగ్లీష్‌లో ఆలోచించి ఉంటే ఈ తప్పు చేసేవాణ్ణి కాదేమో. తెలుగులో పాత మాట తెలిసి ఉన్నా చేసేవాణ్ణి కాదు. నాకు రెండూ సగం సగం.

మా హాస్టల్‌లో గోదావరిఖని వాడు ఒకడున్నాడు. వాళ్ళ నానమ్మ ఇంట్లో, పొయ్యి రోజుల నుంచి మిగిలిన ఒక పెద్ద బొగ్గు పెళ్ళ మూలన పడి ఉందట. దసరాకు పోయి న్యూస్‌పేపర్‌లో చుట్టి తెచ్చాడు. అరకిలో పైనే ఉంది. చేతిలో పెట్టుకుంటే రాయిలా చల్లగా ఉంది, ఒక పక్క అద్దంలా మెరుస్తోంది. మన దగ్గర ఈ రాయి సంగతి బయటపెట్టింది జియలాజికల్ సర్వేలో పనిచేసిన విలియం కింగ్, 1871లో, ఇల్లందు దగ్గర. అక్కడి పొరకు ఇప్పటికీ కింగ్ సీమ్ అనే పేరు. తవ్వకం 1889లో మొదలైంది. అదే ఏడు నిజాం రైల్వే బెజవాడ దాకా చేరింది, బొగ్గుకు దారి దొరికింది. పక్కనున్న సింగరేణి అనే ఊరి పేరే 1920లో కంపెనీ పేరు అయింది. రామగుండం వైపు బాయిలు తవ్వింది 1960ల్లో. అక్కడివాళ్ళు గని అనరు, బొగ్గుబాయి అంటారు.

దంచేటప్పుడు మాస్క్ పెట్టుకోండి, బయట కూర్చోండి, తడి గుడ్డ చుట్టి దంచండి. తర్వాత రవ్వ జల్లెడ. ముక్క రెండు మిల్లీమీటర్లకు మించకూడదు, అంటే అసలు లెక్కలో 20 సెంటీమీటర్ల పెళ్ళ. మరీ పిండి అయితే బొగ్గులా కాదు, కాటుకలా ఉంటుంది. డబ్బాలో పోసి, పైన ప్లేట్‌లో అన్నం సర్దినట్టు చదును చేయకుండా చిన్న చిన్న కుప్పలుగా వదిలేయండి. ఒక వంతు ఫెవికాల్‌కు మూడు వంతుల నీళ్ళు, రెండు చుక్కల షాంపూ కలిపి డ్రాపర్‌తో వేయండి. షాంపూ లేకపోతే చుక్క పైనే ముత్యంలా నిలబడుతుంది, లోపలికి పోదు. ఒక రోజు ఆరాలి.

తూకం: 79 గ్రాములు.

మోటార్‌ను బొగ్గు కింద దాచడం

ఇంజన్‌లో మోటార్ పెట్టడం కష్టం, ఖరీదు. అందుకే మోటార్ మొదటి వ్యాగన్‌లో పెట్టాను. కోఠి గుజరాతీ గల్లీలో ఎన్20 అనే చిన్న గేర్ మోటార్ దొరుకుతుంది, అగ్గిపెట్టెలో పడుతుంది. దాని పక్కన 9 వోల్టుల బ్యాటరీ పడుకోబెడితే సరిగ్గా డబ్బా లోపలి వెడల్పు. పైన పల్చని అట్ట, దాని మీద పల్చగా బొగ్గు. బ్యాటరీ, మోటార్ కలిపి బరువు సుమారు 55 గ్రాములు, అంటే బొగ్గు ఉండాల్సినంత. ఇది నా తెలివి కాదు, అదృష్టం. ఇంజన్‌ను ఆ వ్యాగన్ వెనక నుంచి నెడుతుంది, మిగతా ఏడింటిని లాగుతుంది. చూసేవాళ్ళకు ఇంజనే లాగినట్టు ఉంటుంది.

మోటార్ వేగం కూడా లెక్క వేసి కొనండి. 10 మిల్లీమీటర్ల చక్రం ఒక చుట్టుకు 31 మిల్లీమీటర్లు పోతుంది. 12 వోల్టులకు 100 చుట్లు తిరిగే మోటార్‌కు 9 వోల్టులు ఇస్తే నిమిషానికి 75 చుట్లు, సెకనుకు దాదాపు 4 సెంటీమీటర్లు. వందతో హెచ్చవేస్తే గంటకు 14 కిలోమీటర్లు. యార్డులోంచి కదిలే బొగ్గు బండికి చాలా ఎక్కువే అన్నాడు తాత. షాపులో అతను 500 చుట్ల మోటార్ బాగుంటుందని అంటగట్టబోయాడు. అది తీసుకుంటే బొగ్గు బండి వందే భారత్ అయ్యేది.

బ్యాటరీ బండిలోనే ఉంది కాబట్టి పట్టాల్లో కరెంటు అక్కర్లేదు, కంట్రోలర్ కొనక్కర్లేదు. ఖర్చు ఎక్కువ అయింది పట్టాలకే, రెండు ముక్కలకు 1,300. మోటార్, బ్యాటరీ, స్విచ్ 400. ఫిలమెంట్ 500. అట్ట, జిగురు, రంగు, వార్నిష్ 450. పట్టా మొత్తం 1.8 మీటర్లు, బండి 1.1 మీటర్లు, కాబట్టి నా బండి ప్రయాణం డెబ్బై సెంటీమీటర్లు. నవ్వకండి. 58 వ్యాగన్లు చేస్తే ఆరు మీటర్లు దాటుతుంది, మా హాల్ అంత లేదు. అసలు 58 వ్యాగన్ల బండికి రెండు ఇంజన్లు జంటగా కట్టేవాళ్ళు, ఎనిమిదింటికి నేను ఒకటే పెట్టాను. ఈ రెండు రాజీలు తెలిసి చేసినవి. 1978 తెలియక చేసింది.

78 నుంచి 85

మళ్ళీ దివాన్ దగ్గరికి వస్తాను. ఈ బండి లేవదు అని తాత అన్న రోజు రాత్రి నేను కొత్త లెక్క వేశాను. డబ్బాలన్నీ పక్కన పెట్టి బాక్స్ వ్యాగన్లు చేయాలి, ఒక్కోటి 137 మిల్లీమీటర్లు. ఎనిమిదికి చోటు లేదు, ఆరు పడతాయి. అట్టకు డబ్బులు చాలుతాయి, బోగీలు వేరే, ప్రింట్ మళ్ళీ. సంక్రాంతికి మూడు వారాలు. కుదరొచ్చు. పొద్దున తాతకు చెప్పాను.

"డబ్బాలు ఎందుకు కూలగొడ్తవ్? సంవత్సరం మార్చు," అన్నాడు.

"కానీ నువ్వు చేరింది 78ల కదా తాతా."

"78ల నాకు పని రాదు. పానా పట్టుకొని నిలబడుడే. 85కు పని వచ్చింది."

అప్పుడు చెప్పాడు, గాలి బండ్లు కొత్తగా వచ్చిన రోజులు. యార్డులో అందరికీ వాక్యూమ్ చేతికి అలవాటు. కొత్త గొట్టాలు ఎలా కలపాలో, కోళాయి ఎటు తిప్పితే ఏమవుతుందో మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. పెద్దవాళ్ళు కొందరు విసుక్కున్నారు. కుర్రవాళ్ళు గబగబా నేర్చుకున్నారు, తాత కూడా. పాత డబ్బాలకు ఇరుసు వేడెక్కిందేమో అని చేత్తో తాకి చూసేవాళ్ళు, కొత్త వాటికి రోలర్ బేరింగ్, ఆ పని తగ్గింది. బండి మొత్తం చూసి బ్రేక్ పవర్ సర్టిఫికెట్ ఇస్తే గానీ బండి కదలదు. ఆ కాగితం వెనక తన చెయ్యి కూడా ఉందని తాతకు ఇప్పటికీ ఒక గర్వం. ఆ ఏడు అమ్మకు మూడేళ్ళట. ఇదంతా ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

1985 పెడితే అన్నీ కుదురుతాయి. బాక్స్‌ఎన్ ఉంది. రామగుండంలో పైన తీగలు ఇంకా లేవు కాబట్టి డీజిల్ ఇంజన్ సరైనదే. బొగ్గు విజయవాడ థర్మల్‌కు పోతోంది అనుకోవచ్చు, అది 1979 నుంచి ఉంది. ఒక్క సమస్య ఇంజన్ గొట్టం. ఎయిర్ బ్రేక్ బండ్లను లాగే డబ్ల్యూడీఎం 2లకు రెండు రకాల బ్రేకులూ ఉండేవి, కాబట్టి వాక్యూమ్ గొట్టం తీయక్కర్లేదు, దాని పక్కన ఎయిర్ గొట్టం చేర్చాలి. వాక్యూమ్ గొట్టం నేను బాల్‌పెన్ స్ప్రింగ్‌తో చేశాను, వేలికి గీతలు సరిగ్గా తెలుస్తాయి. ఎయిర్ గొట్టానికి పాత ల్యాన్ కేబుల్ లోపలి తీగ. మొత్తం మార్పుకు ఖర్చు సున్నా. కింది చెక్క మీద 7, 8 అంకెలు పీకి 8, 5 అంటించాను. ఎనిమిది ఎలాగూ ఉంది, జరిపాను.

మీకు నా సలహా కూడా ఇదే. ఏది మార్చడం అన్నిటికంటే ఖరీదో అది ముందు చూసుకోండి. వ్యాగన్లు ఎనిమిది, ఇంజన్ ఒకటి, సంవత్సరం ఒక అట్ట ముక్క. అయితే సంవత్సరం మార్చాక మిగతా అన్నీ మళ్ళీ తనిఖీ చేయాలి. చివరన పెట్టే గార్డు పెట్టెకు కూడా ఎయిర్ గొట్టం ఉండాలని నాకు తాత అడిగితేనే గుర్తొచ్చింది.

కనుమ రోజు హాల్‌లో పట్టాలు పరిచాం. తాత కుర్చీ దగ్గరికి జరిపించుకుని చివర నుంచి మొదలుపెట్టాడు. గార్డు పెట్టె, ఎనిమిదో డబ్బా, ఏడోది, ఆరోది, ఒక్కో గొట్టం కలిసిన చోట వేలు ఆపుతూ. ఒక్కో డబ్బాను కొంచెం ఎత్తి బరువు చూశాడు. నేను స్విచ్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డా.

ఐదో డబ్బా దగ్గర ఆగాడు. "ఇక్కడ పైపు ఊడింది. అప్పుడే లేపకు."

నిజమే, ల్యాన్ తీగ జిగురు వదిలింది. ఫెవిక్విక్ తెచ్చి అంటించి, ఆరిందాకా ఆగాం. అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. తాత మళ్ళీ ఆ జాయింట్ తాకి చూసి, "ఊఁ," అన్నాడు. స్విచ్ వేశాను.

బాక్స్ వ్యాగన్ డ్రాయింగ్ ఇప్పుడు గీస్తున్నా, 1978కి. వాక్యూమ్ గొట్టాలకు స్ప్రింగులు కావాలి, వ్యాగన్‌కు రెండు. ఇంకు అయిపోయిన బాల్‌పెన్నులు పారేయకుండా మన క్లబ్ రూమ్‌లో కిటికీ దగ్గరున్న డబ్బాలో వేయండి.